పదవీ విరమణ సొమ్ములో ముందు ఎవరి హక్కు?

రవాణా సంస్థ డిపోలో ముప్ఫై ఒక్క సంవత్సరాలు మెకానిక్‌గా పనిచేసి, అరవయ్యవ ఏట పదవీ విరమణ పొందిన ఒక సోదరుడు గత మాసంలో అస్ర్ నమాజు తరువాత మస్జిదులో నా పక్కన వచ్చి కూర్చున్నారు. ప్రావిడెంట్ ఫండ్ పదహారున్నర లక్షలు, గ్రాట్యుటీ ఏడున్నర లక్షలు, మొత్తం 24 లక్షలు ఆయన ఖాతాలో జమ అయ్యాయి. అంత సొమ్ము ఒక్కసారిగా చూడడం ఆయనకు జీవితంలో అదే మొదలు. జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి నా చేతికిచ్చారు. అందులో మూడే పద్దులున్నాయి. దంపతుల హజ్‌కు 7 లక్షలు. చిన్నమ్మాయి నికాహ్‌కు 9 లక్షలు. రియాద్‌లో ఏసీ మెకానిక్‌గా ఉన్న కుమారుని కోసం ఇంటిపై రెండు గదులకు 8 లక్షలు.

“మౌలానా, ఇందులో షరీఅత్‌కు విరుద్ధమైనది ఏదైనా ఉందా?” అన్నది ఆయన ప్రశ్న.

విడివిడిగా చూస్తే ఏదీ లేదు. హజ్ విధి, కుమార్తె వివాహం బాధ్యత, కుమారునికి గూడు కల్పించడం వాత్సల్యం. కానీ మూడూ కూడితే సరిగ్గా 24 లక్షలు. మిగిలేది సున్న. “రేపటి నుండి మీరిద్దరూ ఏమి తింటారు భాయ్?” అని అడిగాను. “పెన్షన్ నాలుగు వేల రెండు వందలు వస్తుంది. ఆపైన అల్లాహ్ ఉన్నాడు, అబ్బాయి ఉన్నాడు” అన్నారు.

ఆ సమాధానంలోని విశ్వాసాన్ని నేను తక్కువ చేయను. అయితే అల్లాహ్ ఉన్నాడన్న మాటను మనం లెక్క వేయకపోవడానికి సాకుగా వాడుకుంటున్నామేమోనన్న అనుమానం నన్ను చాలాకాలంగా వేధిస్తోంది. ఒంటెను కట్టివేసి ఆపైన అల్లాహ్‌పై భారం వేయమని దైవప్రవక్త (సల్లం) బోధించిన సంగతి మన పిల్లలకు కూడా తెలుసు. బనూ నజీర్ తోటల రాబడి నుండి ఆయన తన కుటుంబానికి ఒక సంవత్సరానికి సరిపడా ఆహారాన్ని తీసి ఉంచేవారని సహీహ్ బుఖారీలో ఉంది. ఆ మహనీయుని తవక్కుల్ కంటే మన తవక్కుల్ గొప్పదా? హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) గాథను మనం ఎక్కువగా సహనానికీ శీలానికీ ఉదాహరణగా చెప్పుకుంటాము. అదే గాథలో ఏడు సమృద్ధి సంవత్సరాల పంటను వెన్నులలోనే నిల్వ ఉంచి, తరువాతి ఏడు కరువు సంవత్సరాలను దాటించిన ధాన్యాగారాల లెక్క కూడా ఉంది. పద్నాలుగు సంవత్సరాల ముందుచూపు అది. మనిషి సంపాదనా కాలం ఆ మొదటి ఏడేళ్ల వంటిది, వృద్ధాప్యం తరువాతి ఏడేళ్ల వంటిది.

మస్జిదు మెట్ల మీద కూర్చుని ఇద్దరం లెక్క వేశాము. అద్దె లేని సొంత ఇల్లు కాబట్టి ఆ దంపతులకు నెలకు పదిహేను వేలు చాలు. పెన్షన్ పోగా పదివేల ఎనిమిది వందల లోటు. సంవత్సరానికి 1,29,600. ధరలు ఒక్క పైసా పెరగకపోయినా ఇరవై ఏళ్లకు దాదాపు 26 లక్షలు, అంటే ఆయన చేతిలో ఉన్న మొత్తం సొమ్ముకంటే ఎక్కువ. ధరలు పెరగకుండా ఉండవు. ఏడాదికి ఆరు శాతం చొప్పున పెరిగితే పన్నెండేళ్లలో ఖర్చు రెట్టింపవుతుంది. ఇవాళ్టి పదిహేను వేల సంసారం ఆయన 72వ ఏట ముప్ఫై వేల సంసారం. మందుల ఖర్చు ఆ వయసులోనే మొదలవుతుంది.

ఇక్కడ ఒక చేదు నిజాన్ని దాచకుండా చెప్పాలి. ఆయనతో పాటు అదే రోజు విరమణ పొందిన తోటి ఉద్యోగి 24 లక్షలనూ ఏడు శాతం వడ్డీకి బ్యాంకులో వేస్తే నెలకు 14 వేలు ఇంటికి వస్తాయి. లోటు తీరిపోతుంది. మనవారు వడ్డీని హరామ్‌గా భావించి ఆ దారిని వదులుకుంటారు. వదులుకోవడమే ధర్మం. కానీ వదులుకున్నదానికి ఒక వెల ఉంది, ఆ వెలను మనమే చెల్లించాలి. వడ్డీ తీసుకునేవాడు యాభై ఐదవ ఏట ఆలోచించినా గట్టెక్కగలడేమో గాని, వడ్డీని వదిలిన విశ్వాసి ముప్ఫైవ ఏటనే ఆలోచించాలి. మా వంటి మద్రసా ఉపాధ్యాయులు జుమా ప్రసంగాలలో వడ్డీ నిషేధాన్ని గంటల తరబడి వివరించి, ఈ రెండవ మాటను చెప్పకుండా మింబర్ దిగిపోతున్నాము. ఇది మా లోపం.

ప్రావిడెంట్ ఫండ్‌లో చేరే వడ్డీ మాటేమిటని ఆయన అడిగారు. యాజమాన్యం చట్టప్రకారం జీతంలో తప్పనిసరిగా కోసే భాగమూ, దానిపై కలిసే అదనమూ ఉద్యోగి చేతికి రాకముందటివి. అది పేరుకు వడ్డీ అయినా ధర్మశాస్త్రరీత్యా జీతంలో భాగమేనని ముఫ్తీ ముహమ్మద్ షఫీ (రహ్మతుల్లాహి అలైహి) సహా ఉపఖండంలోని అనేకమంది ముఫ్తీల అభిప్రాయం. తన ఇష్టంతో అదనంగా కోయించుకున్న మొత్తం విషయంలో జాగ్రత్త వహించమని కూడా వారే అన్నారు. అట్లే, సొమ్ము చేతికి రాకముందు గడిచిన సంవత్సరాలకు దానిపై జకాత్ లేదు. చేతికి వచ్చిన తరువాత మాత్రం ఉంది. ఇదివరకే నిసాబ్ కలిగినవారికి వారి పాత జకాత్ తేదీయే దీనికీ వర్తిస్తుంది.

ఆ తరువాత నేను అడిగిన ప్రశ్న ఆయన ఊహించనిది. “భాభీ మెహర్ చెల్లించారా?”

ఆయన మౌనంగా నేలవైపు చూశారు. 1991లో నికాహ్. మెహర్ పదకొండు వేల రూపాయలు. సియాహాలో రాసి ఉంది. చెల్లించలేదు, ఎవరూ అడగలేదు.

మన ఇళ్లలో మెహర్ గుర్తుకు వచ్చేది జనాజా లేచే వేళకే. శవం పక్కన ఏడుస్తున్న భార్యను నలుగురు స్త్రీలు చుట్టుముట్టి “మాఫ్ చేశానని చెప్పు” అంటారు. ఆ స్థితిలో ఏ స్త్రీ కాదనగలదు? మనస్ఫూర్తిగా వదులుకోవడం వేరు, ఇటువంటి క్షమాపణ వేరు. మెహర్ అప్పు. భర్త మరణిస్తే కఫన్-దఫన్ ఖర్చు తరువాత అతని ఆస్తిలోంచి మొదట తీర్చవలసినవి అప్పులు. ఆ పైన వసీయత్, ఆ పైననే వారసులు. అప్పు మిగిల్చి మరణించిన వ్యక్తికి జనాజా నమాజు చేయించడానికి దైవప్రవక్త (సల్లం) ముందుకు రాకపోగా, హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఆ అప్పుకు తాను పూచీ పడిన తరువాతనే చేయించిన సంఘటన హదీసు గ్రంథాలలో ప్రసిద్ధం. ఆ అప్పు పరాయివానిది. ముప్ఫై ఏళ్లకు పైగా మనకు వండిపెట్టిన ఇల్లాలి అప్పు అంతకంటే తేలికైనదా?

ఇందులో మరో బాధాకరమైన సంగతి ఉంది. 1991లో పదకొండు వేల రూపాయలతో ముప్ఫై గ్రాములకు పైగా బంగారం వచ్చేది. ఇవాళ అదే సొమ్ముకు ఒక గ్రాము కూడా గగనమే. రూపాయలలో నిర్ణయించిన మెహర్‌కు ధర్మశాస్త్రం ప్రకారం అన్ని రూపాయలే బాకీ. కానీ ఆలస్యం చేసింది భర్తయే కనుక, సంతోషంతో కొంత ఎక్కువ ఇవ్వడం అతని సంస్కారానికి శోభ. ఇక పెళ్లి కావలసిన పిల్లలున్నవారు మెహర్‌ను బంగారం తూకంలో రాయించడం మంచిదని నా సలహా.

ఆమెకు పుట్టింటి బంగారం ఎనిమిది తులాలు ఉందట. ఏడున్నర తులాలు, అంటే 87.48 గ్రాముల నిసాబ్ దాటినట్లే. దానిపై జకాత్ ఎవరు ఇస్తున్నారని అడిగితే మళ్లీ మౌనం. భార్య ఆస్తి భార్యదే. దాని జకాత్ ఆమె విధి, ఆమె హజ్ కూడా ఆమె స్తోమతను బట్టి ఆమె విధి. భర్త భరిస్తే అది ఆయన ఔదార్యం. ఈ విభజన తెలియక మన కుటుంబాలలో అంతా ఒకే సంచీ అయిపోయింది. ఆ సంచీ తాళం ఎప్పుడూ మగవాని దగ్గరే ఉంటుంది.

హజ్ విషయానికి వద్దాము. స్తోమత అంటే టికెట్టుకు డబ్బుండడం మాత్రమే కాదు. అప్పులు పోగా, తిరిగి వచ్చేవరకు తనపై ఆధారపడినవారి ఖర్చు ఇంట్లో ఉండాలి. హనఫీ ధర్మశాస్త్రవేత్తలు మరికొంత ముందుకు వెళ్లారు. వర్తకునికి దుకాణం నడిచే పెట్టుబడి, చేతివృత్తివానికి పనిముట్లు, రైతుకు సేద్యపు సాధనాలు మిగిలి ఉండాలన్నారు. తిరిగివచ్చిన హాజీ చేయి చాచకూడదన్నది ఆ మాటల సారం. అయితే కుమార్తె పెళ్లి కాలేదన్న కారణం మాత్రం స్తోమత కలిగినవాని హజ్‌ను వాయిదా వేయదు. మనవాళ్లు సరిగ్గా దీనినే తలకిందులు చేసుకున్నారు. బతుకుతెరువుకు మిగలనక్కరలేదు గాని, అమ్మాయిల పెళ్లిళ్లన్నీ అయిపోవాలట. ఆ పెళ్లిళ్లు అయ్యేసరికి మోకాళ్లు అరుగుతాయి, సొమ్ము కరుగుతుంది.

ఈ చిక్కును ఒక దేశం ఎలా విప్పిందో చూడండి. మలేషియా గ్రామాల ముస్లిములు ఒకప్పుడు పొలమూ పశువులూ అమ్ముకుని హజ్‌కు వెళ్లి, తిరిగివచ్చి కూలీలుగా మిగిలేవారు. వడ్డీ భయంతో బ్యాంకులో దాచుకునేవారు కారు. ఆర్థిక శాస్త్రవేత్త ఉంకు అజీజ్ 1959లో దీనిని ఎత్తిచూపి, వడ్డీ లేని హజ్ పొదుపు సంస్థను ప్రతిపాదించారు. 1963లో అది మొదలయింది. నేడు తాబుంగ్ హాజీ అని పిలువబడుతున్నది అదే. యువకుడు నెలనెలా చిన్న మొత్తం వేస్తాడు, సంస్థ దానిని వ్యాపారంలో పెడుతుంది, లాభం పంచుతుంది. మనకు అటువంటి సంస్థ లేకపోయినా ఆ అలవాటు చేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. మన హైదరాబాదులోనే వడ్డీలేని ఋణాల సహకార సంఘాలు నడిచాయి. ఉస్మానియాలో బోధించిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ 1955లో వాటి గురించి పాశ్చాత్య పత్రికలో ప్రత్యేకంగా రాశారు. ప్రపంచానికి చూపించదగిన పనిని చేసిన ఊరు మనది. ఇవాళ మన గల్లీలలో చిట్టీలు, వడ్డీ వ్యాపారుల వారపు వసూళ్లు చూస్తుంటే ఆ మాట నమ్మబుద్ధి కాదు.

నికాహ్ పద్దు తొమ్మిది లక్షలు ఎందుకని అడిగాను. షాదీఖానా, నాలుగు వందల మందికి దావత్, మంచం, బీరువా, ద్విచక్ర వాహనం. “పెళ్లికొడుకు వారు ఏమీ అడగలేదు మౌలానా, మీ అమ్మాయికి మీరు ఇచ్చుకునేది మీ ఇష్టమన్నారు” అన్నారు. ఈ ‘మీ ఇష్టం’ అన్న మాట ఖరీదెంతో మన పట్టణాలలో ఆడపిల్లల తండ్రులందరికీ తెలుసు. వలీమా వరుని సున్నత్. వధువు తండ్రి నాలుగు వందల మందికి అన్నం పెట్టాలన్న ఆదేశం నేను చదివిన ఏ గ్రంథంలోనూ లేదు. మస్జిదులో నికాహ్, దగ్గరి బంధువులకు ఇంట్లో భోజనం, అమ్మాయికి ఆమె పేరనే కొంత బంగారం అనుకుంటే రెండు లక్షలు చాలునని నేనన్నాను. ఆయన ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. “ఇంట్లో అడగాలి” అన్నారు. నిజానికి ఏడు లక్షలు ఆదా చేసే నిర్ణయం అదొక్కటే. తక్కిన పద్దులలో అంతటి వెసులుబాటు లేదు.

పై గదుల విషయంలో మాత్రం ఆయన ముఖం విప్పారింది. కుమారుడు రియాద్ నుండి ఇంకో ఐదేళ్ల దాకా రాడు. గదులు కట్టి తాళం వేసి ఉంచే బదులు, తన పేరనే ఉంచి అద్దెకు ఇస్తే నెలకు ఆరు వేలు వస్తాయని ఆయనే లెక్క చెప్పారు. ఎనిమిది లక్షల మీద ఏడాదికి 72 వేలు. ఏ వడ్డీకీ తీసిపోని రాబడి, పైగా ధరలతో పాటు పెరిగేది, సంపూర్ణంగా హలాల్. అబ్బాయి తిరిగి వచ్చినప్పుడు మాట్లాడుకోవచ్చు. ఇల్లు కుమారుని పేర రాసిచ్చే ఆలోచన కూడా ఉందని తెలిసి, దానిని గట్టిగా వారించాను. జీవించి ఉండగా సంతానంలో ఒకరికే కానుక ఇవ్వబోయిన హజ్రత్ నూమాన్ బిన్ బషీర్ (రజి) తండ్రిని దైవప్రవక్త (సల్లం) అందరికీ అలాగే ఇచ్చావా అని ప్రశ్నించి, ఆ కానుకకు సాక్షిగా ఉండడానికి నిరాకరించారు. లౌకికంగా చూసినా అది ప్రమాదమే. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 2007లో వచ్చింది. చూసుకుంటామన్న షరతుతో రాయించుకుని చూసుకోని సంతానం నుండి ఆస్తిని తిరిగి పొందే వీలు దానిలో ఉంది. ఆ షరతు దస్తావేజులో రాసి ఉండాలన్న సంగతి చాలామందికి ట్రిబ్యునల్ గడప తొక్కేదాకా తెలియదు.

మూడు పద్దులూ సరిచేస్తే 17 లక్షలు. మెహర్ పోగా ఏడు లక్షలకు కాస్త తక్కువగా చేతిలో నిలుస్తుంది. ఆ సొమ్మును ఊరికే ఉంచితే ఏటా రెండున్నర శాతం జకాత్, ఆపైన ధరల పెరుగుదల దానిని కొరుక్కుతింటాయి. అనాథల ధనాన్ని జకాత్ తినివేయకుండా వ్యాపారంలో పెట్టమని హజ్రత్ ఉమర్ (రజి) సంరక్షకులకు చెప్పినట్లు ముఅత్తాలో ఉంది. (అనాథ బాలుని ధనంపై జకాత్ గురించి హనఫీల చర్చ వేరు. ఇక్కడ గ్రహించవలసినది ధనాన్ని కదిలించాలన్న సూచన.) షరీఅత్ నియమాల ప్రకారం వాటాలు ఎంచుకునే మ్యూచువల్ ఫండ్లు మన దేశంలో ఉన్నాయి. 1996 నాటి టాటా ఎథికల్ ఫండ్ వాటిలో పాతది. కానీ వాటాల ధర పడుతుంది, లేస్తుంది. పదేళ్లు ఆగగలిగిన నలభై ఏళ్లవారికి అది తగిన దారి, వచ్చే ఏడాది మందులకు అవసరమైన సొమ్ముకు కాదు. ఆయనకు నేను సూచించింది, బావమరిది నడిపే విడిభాగాల దుకాణంలో రెండు మూడు లక్షల భాగస్వామ్యం. ఆ సరుకు మంచిచెడ్డలు ఆయనకు తెలుసు. ఒప్పందం మాత్రం కాగితం మీద, ఇద్దరు సాక్షులతో. ఖుర్ఆన్‌లోని అతి పొడవైన ఆయత్ అప్పులను రాసుకోవడం గురించినదే కదా. బావమరిది అయితే ఇంకా తప్పనిసరిగా రాసుకోవాలి.

భాగస్వామ్యం అనగానే నా సొంత తప్పిదం ఒకటి చెప్పక తప్పదు. కొన్నేళ్ల క్రితం ఒక సంస్థ ‘హలాల్ లాభం’ పేరిట లక్షకు నెలకు మూడు వేలు ఇస్తామన్నది. నా దగ్గరకు ఆ మాట తెచ్చినవాడు నాతో పాటు చదువుకున్నవాడే. అప్పటికి పదిహేనేళ్లుగా నేను విద్యార్థులకు హిదాయా పాఠం చెబుతున్నాను. ముజారబా ప్రకరణంలో మొదటి షరతే, లాభంలో వాటా ఇంత అని ఉండాలి గాని, పెట్టుబడిపై నికరంగా ఇన్ని రూపాయలని ఉండకూడదన్నది. ఉదయం ఆ పాఠం చెప్పి, సాయంత్రం ఆ ఫారం మీద సంతకం చేశాను. అరవై వేలు. పదకొండు నెలలు లాభం వచ్చింది, ఆ తరువాత ఫోను కూడా పలకలేదు. నా సొమ్ము పోయినందుకు కాదు, నన్ను చూసి మరో ముగ్గురు కట్టినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. వారిలో ఒకరు బట్టలు కుట్టే వితంతువు. ఆమె సొమ్మును నేను వాయిదాలలో ఇస్తున్నాను. నెలకు ఇంత అని నష్టం లేకుండా హామీ ఇచ్చేవాడు ఎంత పొడవు గడ్డం పెంచినా అది వడ్డీయో, మోసమో, రెండూనో అయి ఉంటుంది.

లెక్క చివరకు ఇలా తేలింది. పెన్షన్, అద్దె కలిసి పదివేల రెండు వందలు. లోటు నెలకు నాలుగు వేల ఎనిమిది వందలు. దుకాణంలో వచ్చే లాభం కొంత, డిపో ఎదురుగా ఉన్న షెడ్డులో పూటపని కొంత. కుమారునికి కూడా ఫోను చేసి అడగమన్నాను. అవసరంలో ఉన్న తల్లిదండ్రుల పోషణ స్తోమత కలిగిన సంతానంపై విధి. కొడుకును సొమ్ము అడగడం ఆయనకు చాలా కష్టంగా తోచింది. ముప్ఫై ఏళ్లు ఇచ్చిన చేయి చాచడం కష్టమే. అందుకే కాబోలు, పెద్దవారు చివరిదాకా ఏమీ చెప్పరు, పిల్లలు ఏమీ అడగరు.

చివరిగా వసీయత్ మాట ఎత్తాను. మృత్యువు మాట తెచ్చినట్లు ఆయన ఉలిక్కిపడ్డారు. రాయవలసినది ఏదైనా ఉన్న ముస్లిం, వసీయత్ రాసి ఉంచకుండా రెండు రాత్రులు కూడా గడపరాదని హదీసు. మూడవ వంతుకు మించి వసీయత్ చెల్లదు, వారసునికి చేసే వసీయత్ తక్కిన వారసుల సమ్మతి లేనిదే చెల్లదు. ధనమంతా దానం చేయదలచిన హజ్రత్ సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి)ను దైవప్రవక్త (సల్లం) మూడవ వంతు దగ్గర ఆపి, అదే ఎక్కువని అంటూ, వారసులను యాచకులుగా వదలడం కంటే కలిగినవారుగా వదలడం మేలని చెప్పిన సంగతి ఆయనకు వివరించాను. బ్యాంకులో నామినీగా కుమారుని పేరు ఉంది కాబట్టి సొమ్మంతా అతనిదేనని ఆయన అనుకుంటున్నారు. కాదు. నామినీ సొమ్మును అందుకునేవాడు మాత్రమే, యజమాని కాడు. బీమా సొమ్ము విషయంలో 1984లోనే సుప్రీంకోర్టు ఈ మాట తేల్చింది. ఆ సొమ్ములో సంతానవతి అయిన భార్యకు ఎనిమిదవ వంతు, మిగిలినదానిలో కుమారునికి రెండు భాగాలైతే కుమార్తెలు ఒక్కొక్కరికి ఒక భాగం. ఈ సంగతి కుమారునికి తండ్రి నోటి ద్వారానే తెలిస్తే, రేపు అక్కాచెల్లెళ్లతో వివాదం ఉండదు.

మగ్రిబ్ అజాన్ అయింది. ఒక నోటుపుస్తకం కొని, ఎవరికి బాకీ, ఎవరి నుండి రావాలి, ఏ కాగితం ఎక్కడ ఉంది అన్నీ రాసి తీసుకురమ్మన్నాను. హజ్ విషయంలో ఆయన ఆస్తి వివరాలన్నీ ముఫ్తీ సాహెబ్ ముందు పెట్టమన్నాను. అది నేను మెట్ల మీద కూర్చుని తేల్చే మాట కాదు.

వారం తరువాత నోటుపుస్తకం తెచ్చారు. మొదటి పేజీలో ఒకే పద్దు ఉంది. మెహర్, పదకొండు వేలు, దాని పక్కన ఐదు గ్రాముల బంగారు నాణెం ‘నా సంతోషంతో’. కింద ఉర్దూలో, వణుకుతున్న అక్షరాలలో ‘ముట్టింది’ అని ఆమె సంతకం, తేదీ. దాని కింద అదే చేతిరాతతో మరొక వాక్యం ఉంది. పై గదుల అద్దె ఎవరి చేతికి వస్తుందని ఆమె అడిగింది. “దీనికి ఏమి జవాబు రాయమంటారు మౌలానా?” అన్నారాయన. నా కితాబులలో అది లేదని, ఇంటికి వెళ్లి ఆమెనే అడగమని చెప్పి పంపాను.